గడ్డిలో గుండ్రాయి

వేలి మీద వెచ్చని గాలి.

ఒక పాయ. ఆగింది. మళ్ళీ ఒక పాయ...

వనజ పసివాడి ముక్కు కింద నుంచి వేలు తీసింది. బస్సు ఇంకో మలుపు తిరిగితే మళ్ళీ పెడుతుంది. ఒళ్ళో శివ నిద్రపోతున్నాడు. నెత్తిన ఉన్ని కుల్లాయి. నీళ్ళు పోసేటప్పుడు తప్ప తీయదు.

బెంగళూరు శివార్లలో, బొమ్మసంద్రలో ఎక్కారు. కె.ఆర్.పురం దగ్గర ఆస్పత్రికి పోవాలి. వాడి గుండెలో రంధ్రం — చిన్నదే అన్నారు. పూడుతోందో, పెరుగుతోందో మధ్యాహ్నం స్కానింగ్‌లో తేలుతుంది. మొగుడు అంజికి ఫ్యాక్టరీలో లీవు దొరకలేదు.

అత్త ఓబులమ్మ మాత్రం ఎప్పుడో తేల్చేసింది, ఫోన్లోనే.

"గుండ్రాయి పండబెట్టకుండా బిడ్డను ఉయ్యాల్లో ఏస్తివి గదే! ఖాళీ ఉయ్యాల్లో ఏం చేరిందో ఏమో!"

పేరు పెట్టే రోజు ఉయ్యాలలో ముందు రాయి పడుకోవాలి. రోట్లో తిరిగే గుండ్రాయి — పసుపు రాసి, కుల్లాయి తొడిగి. ఆ తర్వాతే బిడ్డ. రాయిలా గట్టిగా ఉండాలని.

బొమ్మసంద్ర గదిలో రోలెక్కడిది?

మిక్సీ ఉంది.

మారతహళ్ళిలో దిగారు. రెండో బస్సు రాలేదు. ఎండ వచ్చింది. స్టాపు వెనక చర్చి, తెరిచిన గేటు, గేటు లోపల నీడ. వనజ నీడ కోసమే వెళ్ళింది. దేవుడి కోసం కాదు.

రేపు క్రిస్మస్. వాకిట్లో తాటాకుల పాక కట్టారు. పాకలో మట్టిబొమ్మలు — ఆవు, గొర్రెలు, కర్ర పట్టుకున్న తండ్రి. మోకాళ్ళ మీద తల్లి, నీలం ముసుగుతో. ఆమె ముందర గడ్డి పరిచిన తొట్టె.

తొట్టెలో ఎవరూ లేరు.

వనజ కాళ్ళు ఆగిపోయాయి.

ఆ తల్లి ఖాళీ గడ్డిని చూస్తోంది. ఎవరి చేతులు చేశాయో — కళ్ళు సగమే తెరిచాయి, పెదాలు సగమే మూశాయి. ఊపిరి బిగబట్టిన మొహం.

ఆ మొహం వనజకు తెలుసు. ఇందాకే బస్సు అద్దంలో చూసింది.

"బిడ్డ యాడక్కా?"

నిచ్చెన మీద నక్షత్రం కడుతున్న ఆవిడ తిరిగింది. మెడలో కంపెనీ కార్డు, దాని మీద పేరు — మార్త.

"ఈ రాత్రికి పెడతామమ్మా. పుట్టాలిగా! అప్పటిదాకా ఖాళీగా ఉంచడం మా పద్ధతి."

"అంతసేపూ తల్లి ముందర ఖాళీగానా? మంచిది కాదక్కా."

మార్త నవ్వింది. "ఏటేటా బాగానే పుడుతున్నాడులే!"

వనజ నవ్వలేదు.

పూలకుండీ చుట్టూ పేర్చిన గుండ్రాళ్ళలో ఒకటి తీసింది. కొంగుతో తుడిచింది. భుజాన నిద్రపోతున్న శివ కుల్లాయి ముడి విప్పింది. రాయికి తొడిగింది. వంగి, గడ్డిలో పండబెట్టింది — మెల్లగా, మెడ కింద చెయ్యి పెట్టి... రాయికి మెడ ఉన్నట్టే.

"ఏయ్, ఏం చేస్తున్నారు?" మార్త గబగబా దిగింది.

"ముందు రాయి పండుకోవాలక్కా. బిడ్డ గట్టిగా ఉంటాడు."

"మీవాడికీ చేశారా?"

"లేదు."

మార్త రాయి తీయడానికి చెయ్యి చాచింది. కుల్లాయి లేని శివ నెత్తి కనిపించింది. చెయ్యి ఆగింది.

"ఫాదర్ చూస్తే నన్నంటారు," అని గొణిగింది.

తీయలేదు. గడ్డి కాస్త లాగి కప్పింది.

ఇప్పుడు తల్లి రాయిని చూస్తోంది. అదే మొహం. అదే బిగబట్టిన ఊపిరి. ఏమీ మారలేదు. వనజ దండం పెడదామనుకుంది... చేతులు ఖాళీ లేవు.

బస్సు వచ్చింది.

కిటికీ పక్కన సీటు. ఎండ వాడి నెత్తి మీద పడింది. పలచని జుట్టు కింద, నడినెత్తిన, మెత్తటి చోట — మాడు కొట్టుకుంటోంది. నీళ్ళు పోసే తొందరలో ఎన్నడూ ఇంతసేపు చూడలేదు.

కె.ఆర్.పురం ఇంకా దూరం.

వేలు వాడి ముక్కు దాకా వెళ్ళింది. దారిలోనే ఆగింది.

ఎండలో మాడు లేచింది. పడింది.

మళ్ళీ...