రిటైరయి వచ్చిన నాయన

రక్షకు రావలసిన భరణం ఉన్నట్టుండి ఆగిపోయింది.

రక్ష తండ్రి తిరుమలేశ్ సైన్యంలో హవల్దారు. బిడ్డ నడక నేర్వకముందే భార్య మునిలక్ష్మిని వదిలేశాడు. ఆమె అర్జీ పెట్టుకుంటే సైన్యం వాళ్ళే అతని జీతంలో కొంత పట్టి, ఆమె ఖాతాకు పంపుతూ వచ్చారు. మునిలక్ష్మి కడత్తూరులో ఆవుల్ని మేపుకుంటూ, ఆ డబ్బుతోనే పిల్లను పదో తరగతి దాకా చదివించింది.

ఫోను చేస్తే తిరుమలేశ్ ఎత్తలేదు. రిటైరై సొంతూరు మారండహళ్ళికి వచ్చేశాడనీ, ఆదివారం అతనికి సన్మానమనీ తెలిసింది. మునిలక్ష్మి కూతుర్ని వెంటబెట్టుకుని బస్సెక్కింది.

పందిట్లో తిరుమలేశ్ మెడనిండా దండలతో కూర్చున్నాడు. అతని దేశసేవ గురించి ఎవరో మైకులో పొగుడుతున్నారు. ఆమె నేరుగా అతని ముందుకు పోయి నిలబడింది.

"బిడ్డ దుడ్డు ఎందుకు నిలిపినావు?"

"నేనెక్కడ నిలిపినాను? సంబళంలో పట్టి పంపిస్తా ఉండిరి. ఇప్పుడు సంబళమే లేదు. ఆ లెక్క పట్టాళంతోనే తీరిపాయ."

"పెన్షన్ వస్తా ఉండాది కదా?"

"దాని మీద ఎవురూ చెయ్యి పెట్టలేరు. సట్టం తెలుసుకొని రా, పో!"

మునిలక్ష్మి ఒళ్ళు మండిపోయింది.

"సంబళం నిలిస్తే బిడ్డ ఆకలి కూడా నిలిచిపోతుందా? నువ్వు రిటైరయింది పట్టాళంలో. నాయన పనిలో నీకెవురు రిటైర్మెంటు ఇచ్చినారు?"

మైకు ఆగిపోయింది. తిరుమలేశ్ తండ్రి ఓబప్ప పరుగున వచ్చాడు.

"మంచి దినం అమ్మా. ఊరి ముందర మానం తీయొద్దు."

"మీ మానం తీసింది నేను కాదు మామా, మీ కొడుకు."

మర్నాడే ఆమె ధర్మపురి కోర్టుకు పోయింది. జీతంలో కోత రిటైర్మెంటుతో ఆగిపోయినా తండ్రి బాధ్యత ఆగదని వకీలు మణిమేగలై చెప్పి కేసు వేసింది. తిరుమలేశ్ వాయిదాలకు రాకుండా నెలల తరబడి తిప్పాడు. చివరికి వచ్చి, పెన్షన్‌ను జప్తు చేయకూడదని తన వకీలు చేత వాదింపజేశాడు.

"ఆ రక్షణ అప్పులవాళ్ళ నుంచి. కన్నబిడ్డ అప్పులవాడా?" అన్నాడు జడ్జి. పెన్షన్ కూడా ఆదాయమేననీ, అందులోంచి నెలనెలా భరణం ఇవ్వాలనీ, ఆపిన బాకీ కూడా కట్టాలనీ తీర్పు చెప్పాడు.

కోర్టు మెట్ల దగ్గర తిరుమలేశ్ కూతురికి అడ్డం వచ్చాడు. "నాయనతో ఒక మాట మాట్లాడు కన్నా. అంతా నీకే కదా ఇస్తా ఉండేది?"

రక్ష అతని ముఖంలోకి చూసింది. "మీరు ఇస్తా లేరు. కోర్టు ఇప్పిస్తా ఉండాది," అని పక్కకు తప్పుకుని నడిచింది.

బస్టాండులో కూర్చున్నాక మునిలక్ష్మి తీర్పు కాయితాన్ని విసురుగా సంచిలో కుక్కింది.

"గెలిచినాము కదమ్మా, ఇంకా ఎందుకు కోపం?"

"కన్న నాయన పెట్టే కూటికి జడ్జి కావాల్సి వచ్చె. దీన్ని గెలుపంటావా?" అంది మునిలక్ష్మి.