చమేలీ దగ్గర నేర్చుకున్నవి

చపాతీ పిండి కలుపుతుంటే మా ఆయన వంటింట్లోకి వచ్చి, పీట వాల్చుకుని కూర్చుని, "ఇయ్యాల గుర్రం ఏటి నేర్పింది?" అన్నారు. ఆదివారం సాయంత్రం. తొడలు ఒరుసుకుపోయి నేను సరిగా నిలబడలేకపోతున్నాను. పొద్దున్న టిఫిన్ తిన్న కంచాలు సింకులో అలాగే ఉన్నాయి. అయినా నాకు కోపం రాలేదు. ఈ మనిషి వంటింట్లో కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. నన్ను ఒక ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగడం అసలే చూడలేదు.

హిందీ మాట్లాడే ఈ ఊళ్లో, మేముండే ఖుర్సీపార్ బస్తీ నుంచి ఇద్దరం ఒకే కంపెనీకి వెళతాం. స్టీలు ప్లాంటుకు బోల్టులు, నట్లు చేసి పంపే చిన్న కంపెనీ. ఆయన స్టోరులో, నేను ప్యాకింగులో. ప్యాకింగ్ ఇన్‌ఛార్జి రిటైరయ్యాక ఆ పని నేనే చేస్తున్నాను, ఆ జీతమూ ఆ పేరూ లేకుండా. పోస్టుకు పేర్లు ఇమ్మంటే మా ఇద్దరివే వచ్చాయి. కొత్త మేనేజరు గారు ఎక్కడ విన్నారో, గుర్రాన్ని నడపడం వస్తే మనుషుల్ని నడపడం వస్తుందని ఆయన నమ్మకం. ఇద్దరినీ ఆదివారాలు కుమ్హారి అనే ఊరి దగ్గర గుర్రాల ఫారానికి పంపారు. చివర్లో ఏం నేర్చుకున్నారో అందరి ముందూ చెప్పాలి. దాన్ని బట్టి పోస్టు.

మొదటి రోజే చమేలీ అనే ఆడగుర్రం ముక్కుపుటాలు ఎగరేసి బుసకొడితే మా ఆయన వెనక్కి తగ్గారు. నడుం నొప్పి అన్నారు. ఆ తర్వాత నన్ను గేటు దగ్గర దింపి టీ కొట్టులో ఫోన్ చూసుకుంటూ కూర్చునేవారు. "నాకెందుకే ఆ పోస్టు, నీకే రావాల. నాను గుర్రం ఎక్కలేదని మాత్రం ఎవులితోటీ అనకు, ఇజ్జత్ పోతాది" అన్నారు. నేను అనలేదు.

మా అత్తగారు జోగమ్మకు ఇదంతా నచ్చలేదు. మొగుడుండగా పెళ్లాం ఇన్‌ఛార్జి ఏటి, కోడలు గుర్రమెక్కి ఊరేగడమేటి అని పక్కింటి అచ్చమ్మతో గోడ మీదుగా, నాకు వినపడేటట్టు అనేవారు. "ఊరుకోయే అమ్మా" అన్నారు మా ఆయన ఒకసారి. ఆ ఒక్క మాటకు వారమంతా ఆయనకు ఇష్టమైన కూరలే వండాను.

అందుకే పిండి కలుపుతూ, ఉల్లిపాయలు తరుగుతూ అన్నీ చెప్పాను. ఫారంలో స్వారీ నేర్పే డైసీ టీచర్ నేర్పింది కొంత, చమేలీ నేర్పింది ఎక్కువ. కళ్లెం గట్టిగా పట్టుకుంటే గుర్రం మెడ బిగిస్తుంది, ఇంకా మొండికేస్తుంది. దాని తల వైపు కాదు, వెళ్లాల్సిన చోటు వైపు చూడాలి. మనం ఊపిరి బిగబడితే ఎక్కడో ప్రమాదం ఉందనుకుని అది బెదురుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకొకటి. కాలితో నొక్కి అడుగు వెయ్యమంటాం కదా, అడుగు పడిన మరుక్షణం నొక్కడం ఆపాలి. ఆపకపోతే తాను చేసింది సరైనదో కాదో దానికి తెలియదు. కొన్నాళ్లకు ఎంత నొక్కినా వినడం మానేస్తుంది.

ఇది చెబుతుంటే నా చేతులు ఆగాయి. ఈ ఇంట్లో టీ ఇస్తే నీళ్లు, నీళ్లు ఇస్తే ఇస్త్రీ చొక్కా. అడగడం ఆగిన క్షణం ఒక్కటీ గుర్తు రాలేదు. ఆ సంగతి పైకి అనలేదు. ప్యాకింగులో నూకమ్మత్త గురించి చెప్పాను. ఆవిడ ఒక పెట్టె నింపగానే ఇంకోటి తొయ్యకుండా, ఆగి, బాగుంది అంటున్నాను. ఇప్పుడు తనే ఇంకో పెట్టె లాక్కుంటోంది. "వాహ్, మళ్లీ సెప్పు" అన్నారు మా ఆయన. ఎంత పొంగిపోయానో. మళ్లీ చెప్పాను. ఆ తర్వాత ఆదివారాల్లోనూ సాయంత్రం కాగానే అలాగే పీట వాల్చుకుని అడిగేవారు, నేను చెప్పేదాన్ని.

నేర్చుకున్నవి చెప్పే రోజు వచ్చింది. కంపెనీ క్యాంటీన్ హాల్లో అందరూ కూర్చున్నాక, స్టోరుకు లారీ వస్తుంది సార్, ముందు నేను మాట్లాడేస్తాను అని మా ఆయన లేచారు. మొదటి వాక్యం వింటే ఎక్కడో విన్నట్టుంది అనుకున్నాను. రెండో వాక్యానికి తెలిసిపోయింది, అవి నా మాటలే. కళ్లెం, చూపు, ఊపిరి, నేను చెప్పిన వరసలోనే. నూకమ్మత్త పెట్టె కూడా వచ్చింది. కాకపోతే స్టోరులో ఎవరో కూలీ నింపిన పెట్టె అయింది. ఆయన హిందీ బాగుంటుంది. నా మాటలు నా నోట్లో కన్నా ఆ హిందీలో అందంగా ఉన్నాయి. పీట వాల్చుకుని కూర్చున్న ఆ సాయంత్రాలన్నీ ఆయన పాఠం బట్టీ పట్టారు. నేను కాపురం బాగుపడుతోందనుకున్నాను.

ఇవి ఇంట్లో కూడా పనికొస్తాయా అని మేనేజరు గారు అడిగారు. మా ఆయన నా వైపు చెయ్యి చూపించి హిందీలో అన్నారు: "మా ఆవిడే ఉంది కదా సార్. పల్లెటూరి బడిలో చదివింది, నోరు విప్పేది కాదు. కళ్లెం కొంచెం వదిలాను. ఇప్పుడు మీ ప్యాకింగులో ఎలా పరిగెడుతోందో చూడండి."

హాలంతా నవ్వింది. మా ప్యాకింగు ఆడవాళ్లూ నవ్వారు. నూకమ్మత్త నవ్వలేదు. తన పెట్టె సంగతి తనకు తెలుసు కదా, నా వైపే చూస్తోంది.

నా పేరు పిలిచారు. అవే మాటలు చెబితే మొగుడి మాటలు వల్లించే పెళ్లాన్ని అవుతాను. వేరేవి చెబుదామంటే నేను నేర్చుకున్నవి అవే. ఒంట్లో బాగాలేదని కూర్చుండిపోతే ఆయన ఇజ్జత్ భద్రం. రేపటి నుంచి నేను చేసే పనికి ఆయన ఇన్‌ఛార్జి. ఆయన నా పక్క నుంచి పోతూ వంగి, మెల్లగా అన్నారు.

"ఏదోటి సెప్పేసి కూర్సో రత్నం. ఎవులికొస్తే ఏటి, మనింటికే కదా."

అంతవరకూ సర్దుకుందామనే అనుకుంటున్నాను. ఆ మాట విన్నాక లేచాను.

"సార్, మా ఆయన గుర్రం ఎక్కలేదు. ఒక్క రోజు చూశారు, అంతే. డైసీ టీచర్‌ను అడగండి. ఆయన ఇప్పుడు చెప్పినవన్నీ ఇంట్లో నేను చెప్పినవి" అన్నాను. నా హిందీ తడబడింది కానీ అందరికీ అర్థమైంది. నవ్వులు ఆగిపోయాయి. మా ఆయన తలుపు దగ్గర నిలబడిపోయారు. సాయంత్రం ఇల్లు ఎలా ఉంటుందో, గోడ మీదుగా ఏమేం వినపడతాయో నాకు తెలుసు.

అయితే నువ్వు కొత్తగా ఏం చెబుతావమ్మా అని మేనేజరు గారు అడిగారు.

"కొత్తవి లేవు సార్. అవే చెబుతాను" అన్నాను. కళ్లెం దగ్గర మొదలుపెట్టి, ఒక్క మాటా మార్చకుండా మొత్తం చెప్పాను.