మూడో కన్నం

మీటరు ముల్లు సున్నా మీదికి వచ్చి ఆగేదాకా ఆయన గొట్టం మీంచి చెయ్యి తియ్యలేదు. పాతకారు ఏసీలో ఉన్న గ్యాసంతా సిలిండరులోకి దిగింది. షెడ్డులో అందరూ ఆయన్ను చల్లమేస్త్రీ అంటారు. ముప్పై రెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ కార్లలో చల్లగాలి పుట్టించి, తను మాత్రం రేకుల కప్పు కింద చెమటలో నానుతున్న మనిషి. ఇవాళ పొద్దున్నే పట్టిన చెమట మాత్రం భయంతో పట్టింది.

లేతాకుపచ్చ కారు, ఆయన కంటే నాలుగైదేళ్ళు చిన్నది. కొత్తగా కొనుక్కున్న పెద్దమనిషికి అది ఫ్యాక్టరీ గేటు దాటిననాడు ఎలా ఉందో అచ్చం అలాగే కావాలట. ఆనాడు దానికి ఏసీ లేదు కాబట్టి ఇప్పుడు ఉన్నది తీసెయ్యాలి, పైపుల కోసం పెట్టిన కన్నాలు పూడ్చాలి. ఆ ఏసీని పంతొమ్మిదేళ్ళ క్రితం బిగించింది చల్లమేస్త్రీయే. కన్నాలు పూడ్చడానికి షెడ్డు యజమాని కబురు పెట్టింది రేకుపని చేసే టింకరుకి. ఆ టింకరు చల్లమేస్త్రీకి స్వయానా బావమరిది. పంతొమ్మిదేళ్ళుగా ఈ షెడ్డు గుమ్మం గానీ, అక్క ఇంటి గుమ్మం గానీ తొక్కనివాడు. ఒంటిగంటకి వస్తానన్నాడు.

పొద్దున భార్య క్యారేజీతోపాటు ఇంకో గిన్నె సర్దింది. దానికి పాత చేతిరుమాలు చుట్టి గట్టిగా ముడివేసింది.

"వాడొచ్చాక పాత సంగతులేం ఎత్తకండి. ముందు తిననివ్వండి. నా చేతి అన్నం తిన్నాడంటే ఇంటికొస్తాడు," అంది.

ఆయన "ఊఁ" అన్నాడు. ఆమెకు తెలిసింది సగమే. ఆనాడు ఇదే కారులోకి వాననీళ్ళు దిగి, తమ్ముడు అతికిన కొత్త నేలరేకు తుప్పు పట్టింది. అతుకు సరిగా వెయ్యలేదని అప్పటి షెడ్డు యజమాని, అంటే ఇప్పటి యజమాని తండ్రి, పదిమందిలో నిలబెట్టి వాణ్ణి వెళ్ళగొట్టాడు. "నా అతుకు సంగతి నీకు తెలుసు కదా బావా, ఒక్కమాట చెప్పు," అని వాడు అడిగితే, బావ తేలు కుట్టిన దొంగలా పానా తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఇంతవరకూ ఆమెకు తెలుసు. మిగతా సగం కూలింగు డబ్బా వెనకాల ఉంది.

పదిన్నరకల్లా కంప్రెసరు, ముందున్న జాలీ బయటికి వచ్చేశాయి. డాష్‌బోర్డు కింద వెల్లకిలా దూరి డబ్బా బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. నాలుగే బోల్టులు, అరగంట పని. మూడోదానికే పన్నెండైంది.

"ఏం మేస్త్రీ, నిద్రపోయావా?" అన్నాడు యజమాని.

"తుప్పు పట్టిందండీ. నిదానమే ప్రధానం."

బోల్టు హాయిగానే తిరుగుతోంది. తిరగనిది ఆయన చెయ్యే.

చివరికి డబ్బా ఊడివచ్చింది. ఇంజనుకీ మనుషులు కూర్చునే చోటుకీ మధ్యనున్న రేకులో పైపుల కన్నాలు రెండు కనిపించాయి. వాటికి జానెడు దూరంలో మూడోది. దాన్లో రబ్బరు బిరడా, చుట్టూ పెచ్చులూడుతున్న లప్పం, అక్కణ్ణించి నేలదాకా తుప్పు చార.

ఆనాడు పైపుల కొలత అట్టముక్క మీద గీసుకున్నాడు. లోపల గీసిన అట్టను ఇంజను వైపు పెట్టేటప్పుడు తిరగెయ్యాలి. పనిలో చేరిన మొదటివారం నేర్పే సంగతి. తిరగెయ్యలేదు. ఒక కన్నం పడ్డాక చూసుకుని, బిరడా కొట్టి, మీద డబ్బా బిగించి, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఊరుకున్నాడు. ఆ వేసవికే బిరడా ఎండి సడలింది, వాన దిగింది. బావమరిది వెళ్ళిపోయిన మూడోనాడు ఎవరూ చూడకుండా దాని చుట్టూ లప్పం పూశాడు. ఆ తర్వాత నీళ్ళు రాకపోతే కొత్త టింకరు చేతిచలవ అన్నారు.

ఇప్పుడు కూడా అయిదు నిమిషాల పనే. తాజా లప్పం పూసి నల్లరంగు కొడితే సరి. ముద్ద తీసి, గట్టిపడే మందు కలిపాడు. జేబులో ఫోను మోగింది.

"వచ్చాడా?" అంది భార్య.

"ఇంకా లేదు."

"గిన్నె ఎండలో పెట్టకండి."

ఫోను పెట్టేసి చూస్తే లప్పం రేకుబద్ద మీదే రాయైపోయింది. మళ్ళీ కలపడానికి టైముంది. డబ్బా మూత తీశాడు, పెట్టేశాడు, మళ్ళీ తీశాడు. ఇంతలో బయట స్కూటరు ఆగింది.

టింకరు జుట్టు తెల్లబడింది. వేళ్ళు మాత్రం అవే. రంగు కింద ఉన్నది రేకో లప్పమో గోటితో కొట్టి చెప్పేసే వేళ్ళు. బావ వైపు చూడకుండా లైటు పట్టుకుని కారులోకి వంగాడు. చాలాసేపు లేవలేదు.

"పైపులెన్ని?"

"రెండు."

టింకరు తుప్పు చార మీద వేలు పెట్టి, కన్నం నుంచి నేలదాకా నెమ్మదిగా రాశాడు.

"నాదేరా," అన్నాడు చల్లమేస్త్రీ. "అట్ట తిరగెయ్యలేదు. నీళ్ళు ఇక్కణ్ణించే దిగాయి. నీ అతుక్కి ఏ లోపమూ లేదు."

టింకరు బిరడా పీకి అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"ఆ రోజు చెప్తే నీ పని పోయేది. ఇవాళ చెప్తే నీకేం పోయింది బావా?"

టింకరు కళ్ళద్దాలు పెట్టుకుని పనిలో దిగాడు. నాణెమంత రేకుబిళ్ళలు మూడు కోశాడు. ఒక్కొక్కటే కన్నంలో కూర్చి, చుట్టూ చుక్కచుక్కగా అతికి, రాపిడి పట్టాడు. చివర గోటితో కొట్టి చూశాడు. రేకంతా ఒకటే చప్పుడు. తన తప్పు లేదనడానికి ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ తన చేత్తోనే పూడ్చేశాడు.

యజమాని వచ్చి వేలితో తడిమాడు. "అతుకంటే ఇదీ. ఇలాంటివాణ్ణి మా నాన్న ఎందుకు వదులుకున్నాడో."

టింకరు బావ ముఖంలోకి చూశాడు, వచ్చాక మొదటిసారి. చల్లమేస్త్రీ నోరు తెరిచాడు. యజమాని ఎదురుచూశాడు. షెడ్డులో ఎక్కడో సుత్తి చప్పుడు ఆగింది. తెరిచిన నోరు మూసుకుని, చల్లమేస్త్రీ చేతిలో ఉన్న పానా తుడవసాగాడు. తుడుస్తున్నానని తెలిసేసరికి యజమాని వెళ్ళిపోయాడు.

టింకరు సామాను సర్దుకుంటుంటే దగ్గరికి వెళ్ళాడు. "అక్క నీకోసం అన్నం పంపింది. తిని వెళ్ళరా."

"అక్కకి చెప్పావా?"

"లేదు."

"చెప్పు. విన్నాక కూడా ఆవిడ పిలిస్తే ఇంటికొచ్చి తింటాను."

స్కూటరు మలుపు తిరిగింది. చల్లమేస్త్రీ బల్ల దగ్గరికి వచ్చాడు. ఆరింటికి ఇల్లు చేరాలి. చేతిలో గిన్నె బరువు చూసి ఆమె అడుగుతుంది. బల్లమీద గిన్నెకు భార్య వేసిన ముడి వేసినట్టే ఉంది, ముడి మీద టింకరు పెట్టిపోయిన ఎండిన రబ్బరు బిరడా ఉంది.