నైట్ షిఫ్ట్ పగళ్ళు

నైట్ షిఫ్ట్ వారంలో మా ఇంట్లో కుక్కర్ పెట్టకూడదు. కూత వేస్తుంది కదా. అన్నం గిన్నెలో వండి గంజి వార్చాలి. చట్నీ ముందురోజు సాయంత్రమే రుబ్బి పెట్టుకోవాలి. గిన్నెలు తోమేటప్పుడు సింకులో పాతగుడ్డ పరచాలి, పంపు సన్నగా తిప్పాలి, పట్టీలు తీసి అలమరలో దాచాలి. పెళ్ళయి ఉక్కునగరంలో స్టీల్‌ప్లాంటు క్వార్టర్‌లో అడుగుపెట్టిన మొదటి వారంలోనే మా అత్తయ్య సన్యాసమ్మ ఇవన్నీ నాకు నేర్పింది. "ఆడు రాత్రంతా ఆ మంటలకాడ నిలబడి వచ్చినాడు. ఆడి నిద్ర సెడితే నీదే పూచీ" అంది. నేను శ్రద్ధగా నేర్చుకున్నాను. ఎంత శ్రద్ధగా అంటే, మా పాప హేమశ్రీకి మాటలే గుసగుసగా వచ్చాయి. ఈ పిల్ల నోరు విప్పి ఎందుకు మాట్లాడదని ఎల్‌కేజీ టీచర్ నన్ను అడిగింది. ఏం చెప్పను, వాళ్ళ నాన్న నిద్రపోతున్నాడని చెప్పనా?

అంత నిశ్శబ్దమైన ఇంట్లో నాకు ఒక ఏడుపు వినపడేది. హేమశ్రీది కాదు. వెనక వరండా వైపు నుంచి, ఆకలేసిన పసిపిల్ల గొంతు సన్నగా మొదలై, నేను వెళ్ళేసరికి ఆగిపోయేది. హేమశ్రీకి ముందు నాకో కూతురు పుట్టింది. తొంభై మూడు వానాకాలంలో, ఎనిమిదో నెల దాటగానే. పుట్టి ఏడవలేదు. ఏడవని పిల్ల గొంతు నాకెలా తెలుసని అడగకండి. తెలుసు, అంతే.

దాన్ని నాకు చూపించలేదు. "సూడకు. సూత్తే పేగు లాగుతాది, మళ్ళీ కడుపు నిలబడదు" అని అత్తయ్య నా మొహం గోడవైపు తిప్పింది. మా ఆయన అప్పలరాజు, వాళ్ళ మేనమామ గుడ్డలో చుట్టిన దాన్ని పట్టుకుని వానలో ఎక్కడికో వెళ్ళారు, ఖాళీ చేతులతో వచ్చారు. ఎక్కడికని ఆడవాళ్ళు అడగకూడదట. మూడోరోజుకి నాకు పాలు పడ్డాయి. అవి ఆగడానికి అత్తయ్య మల్లెపూల దండలు తెచ్చి గుండెలకి కట్టింది. ఒంటి వేడికి పూలు మగ్గిపోయి, ఆ వాసన, ఆ తడి, ఆ సలుపు. అప్పటినుంచి మల్లెపూలు తల్లో పెట్టుకోలేను. కూర్మన్నపాలెం జంక్షన్‌లో ఆయన ముచ్చటపడి కొనుక్కొచ్చిన పూలు ఫ్రిజ్‌లోనే వాడిపోతే, "నానేటి తెచ్చినా నీకు నచ్చదు" అని అలిగేవాడు. నాకెందుకు పడవో ఒక్కసారి కూడా తట్టలేదు ఆయనకి. పేరు పెట్టని పిల్లకి ఏడుపేటి అని అత్తయ్య, మళ్ళీ పుడతాదిలే అని ఆయన. పుట్టింది కూడా. మీకు ఒక్కతేనా అని ఎవరైనా అడిగినప్పుడల్లా అవునని అబద్ధం చెప్తూనే ఉన్నాను.

రాయడం ఎలా మొదలైందంటే, ఒక నైట్ షిఫ్ట్ పగలు, రేడియో శబ్దం బాగా తగ్గించి చెవికి ఆనించుకుని మహిళల కార్యక్రమం వింటున్నాను. ఎవరో ఒకావిడ తన గురించి తాను రాసుకున్న కవిత చదువుతోంది. గొప్ప మాటలేం లేవు. ఆవిడ వంటింట్లో కూర్చుని ఆవిడతోనే మాట్లాడుకుంటున్నట్టుంది. ఇలా కూడా రాయొచ్చా అనుకున్నాను. ఆరోజు వెనక వరండా గచ్చు కడగబోతూ, హేమశ్రీ పడేసిన సుద్దముక్కతో ఒక వాక్యం రాశాను. *నీకోసం వచ్చిన పాలని మల్లెపూలతో ఆపారు.* ఒక్కసారి చదువుకున్నాను. బకెట్ నీళ్ళు కుమ్మరించి కడిగేశాను. మర్నాడు మళ్ళీ అదే వాక్యం రాసి, దానికింద ఇంకోటి రాశాను. మళ్ళీ కడిగేశాను.

నైట్ వారం వస్తే చాలు, ఇల్లంతా పడుకుని ఉండగా నేను వరండాలో గొంతుక్కూర్చుని రాసేదాన్ని. అత్తయ్యకి చదువు రాదు. పిల్ల బొమ్మలకి పక్కన గీతలేమో అనుకునేది. రోజూ కడిగేస్తాను కాబట్టి రోజూ మొదటినుంచి రాయాలి. అలా రాస్తున్నకొద్దీ అబద్ధం మాటలు వాటంతటవే రాలిపోయాయి. 'బంగారు తల్లీ' అని ఒకటి రాశాను, రెండోరోజుకి అది నాకే ఎబ్బెట్టుగా తోచింది. మొదట్లో అంతా ఏడుపే రాశాను. తర్వాత ప్రశ్నలు వచ్చాయి. ప్రశ్నలతోపాటు కోపం వచ్చింది, కోపంతోపాటు ఆకలి, నిద్ర. ఎన్నాళ్ళకో కడుపునిండా అన్నం తిన్నాను. ఏడుపు మాత్రం పోలేదు. కాకపోతే నేను రాస్తున్నంతసేపూ ఆగేది, ఎవరో వింటున్నట్టు.

ఒక వారం ఆయనకి పొద్దుటి డ్యూటీ. అత్తయ్య చీపురుపల్లి వైపు ఎవరిదో పెళ్ళని ఊరెళ్ళింది. ఒకటో క్లాసుకొచ్చిన హేమశ్రీని బడిలో దింపి వెనక సందులోంచి వచ్చాను. ముందు తలుపు కిర్రుమంటుందని నాకెప్పుడూ పెరటి తలుపే అలవాటు. ఇంట్లో ఎవరూ లేకపోయినా దొంగలా వెనకనుంచే దూరతాను, నా ఖర్మ. గచ్చుమీద కవిత మొత్తం రాశాను. ఇన్నాళ్ళూ పెదాలు కదిపి చదువుకున్నదే. ఇల్లు ఖాళీగా ఉంది కదా, ఒక్కసారి నా చెవులతో నేను వినాలనిపించింది. లేచి నిలబడి గొంతెత్తి చదివాను.

*నీకోసం వచ్చిన పాలని*
*మల్లెపూలతో ఆపారు.*
*నీకోసం వచ్చిన ఏడుపుని*
*నైట్ షిఫ్టుతో ఆపారు.*
*నిన్ను ఎక్కడ ఉంచారో*
*అడుగుదామంటే*
*ఈ ఇంట్లో ఎవరూ మేలుకుని లేరు.*

"ఏటి సేత్తన్నావ్?"

గుమ్మంలో ఆయన. లుంగీ, నిద్రమొహం. స్నేహితుడు శ్రీరామ్మూర్తికి మధ్యాహ్నం ఏదో పని పడిందట, గేటు దగ్గరే డ్యూటీలు మార్చుకుని, టిఫినూ అక్కడే కానిచ్చి, నేను బడి దగ్గర ఉండగా తిరిగొచ్చి ముందుగదిలో పడుకున్నాడు. స్కూటర్ ముందువైపు ఉంది. నేను వెనకనుంచి వచ్చాను. అలవాటుకొద్దీ నా చెయ్యి బకెట్ మీదకి వెళ్ళింది. నీళ్ళు కుమ్మరించేస్తే ఇంకేం మిగలదు, ఏదో పాట పాడుకుంటున్నానని చెప్పొచ్చు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఎక్కడ పెట్టారు దాన్ని?" అని అడిగాను.

ఎవరినని ఆయన అడగలేదు. అంటే మర్చిపోలేదన్నమాట. గుమ్మంలో అలాగే కూలబడి, గచ్చుమీది అక్షరాలు ఒక్కొక్కటే చదివాడు.

"సముద్రం ఒడ్డుకి ఎల్లాం, సరుగుడు తోటల్లోకి. వాన. మావయ్య తవ్వినాడు, నాను పట్టుకు నిల్చున్నాను" అన్నాడు.

"ఏ తోట?"

"గురుతు నేదు, సుదా."

"ఒక రాయైనా పెట్టలేదా?"

"నేదు. గురుతెట్టకూడదన్నారు పెద్దోళ్ళు. తర్వాతొకపాలి నానొక్కణ్ణీ ఎల్లి ఎతికినాను. అన్ని సెట్లూ ఒక్కలాగే ఉన్నాయి." కళ్ళు తుడుచుకుని, "అమ్మ రేపొచ్చెత్తాది. అది కడిగెయ్యి" అన్నాడు.

ఆయన మీద జాలి వేసింది. నిజంగానే వేసింది. ఒక్కడూ వెళ్ళి వెతుక్కున్నవాడు తిరిగొచ్చి ఒక్క ముక్క నాతో చెప్పి ఉంటే ఇద్దరం వెళ్ళి వెతికేవాళ్ళం కదా అని అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ నేను అడగడానికి భయపడిన చోటు అసలు లేనే లేదు. నా పిల్ల ఎక్కడుందో ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు.

ఆయన మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళాక అటక మీదనుంచి పెయింట్ డబ్బా దింపాను. పండక్కి వాకిట్లో చెరిగిపోని ముగ్గు వేయిస్తే మిగిలిన తెల్ల పెయింట్ అది. సన్నకుంచెతో, సుద్ద గీతల మీదుగా, ఒక్కో అక్షరం దిద్దాను. అన్నిటికంటే పైన ఒక పేరు రాశాను. సీతాలు. మా అమ్మమ్మ పేరు. హేమశ్రీ బడినుంచి వచ్చి కూడబలుక్కుని చదివి, ఎవరమ్మా అంది గుసగుసగా. మీ అక్క అన్నాను. "సీతాలు" అని అది ఇంకోసారి, ఈసారి గట్టిగా అంది.

మర్నాడు ఊరినుంచి వచ్చిన అత్తయ్య చూస్తూనే గచ్చుమీద నీళ్ళు కుమ్మరించి చీపురుతో రుద్దింది. పోలేదు. "ఏటే ఇది? ఏటి రాసినావ్?" అంది. మధ్యాహ్నం డ్యూటీ తర్వాత మనిషి రాక నైట్ కూడా చేసొచ్చి ఆయన ముందుగదిలో పడుకుని ఉన్నాడు. నేను చదవడం మొదలుపెట్టాను.

"సిన్నగా సదువు. ఆడు పడుకున్నాడు" అంది.

నేను గొంతు తగ్గించలేదు. మొదటినుంచి చివరిదాకా చదివాను. లోపల మంచం కిర్రుమంది గానీ ఎవరూ కేకలెయ్యలేదు. అత్తయ్య చీపురు గోడకి ఆనించింది. "ఈ నడిదారిలో రాసినావు, తొక్కుకుంటా తిరుగుతావేటి?" అంది చివరికి.

"తొక్కకండి" అన్నాను. లోపలికి వెళ్ళి పొయ్యిమీద కుక్కర్ పెట్టాను.

ఆ రోజునుంచి అత్తయ్య పెరట్లోకి వెళ్ళేటప్పుడు చీర కుచ్చెళ్ళు పైకెత్తి పట్టుకుని, గోడవారగా, ఆ అక్షరాల మీద కాలు పడకుండా చుట్టూ తిరిగి వెళ్తోంది. పిల్లని పూడ్చిన చోట ఎవరైనా అలాగే నడుస్తారు.