ఆముదం పట్టిన బిళ్లలు

“సోలెడు ఆముదానికి గింత లొల్లేందే! రెండు దోసిళ్ల గింజలు దంచితె మళ్లొస్తది,” అన్నాడు భద్రయ్య, మోటారు సైకిల్ పక్కన గొంతుక్కూర్చుని, తల కూడా ఎత్తకుండా.

బుచ్చమ్మ ఖాళీ గురిగి చేతిలో పట్టుకుని నిలబడింది. లొల్లి ఎక్కడ చేసింది పాపం! గురిగి ఖాళీగా ఉందేమిటని అడిగింది, అంతే. రెండు దోసిళ్ల గింజలు దంచితే వస్తుందట. నోటి మాటే కదా, ఎంతసేపు! గింజలు ఏరాలి, ఎండబోయాలి, వేయించాలి, రోట్లో ముద్దయ్యేదాకా దంచాలి, ఆ ముద్దను నీళ్లలో ఉడికించి పైకి తేరిన నూనెను గంటెతో మెల్లమెల్లగా తీయాలి, తడి పోయేదాకా మళ్లీ కాయాలి. పొగకు కళ్లెర్రబడితే అత్త వెంకటనర్సమ్మ చూసి “పొద్దుగాల్నే ఏడుస్తున్నవా ఏంది, ఇంటికి మంచిదా?” అంది. పొగ అని చెప్పబోయి ఊరుకుంది బుచ్చమ్మ. అంత చాకిరీ ఇప్పుడు ఒక బండి కడుపులో ఉంది, ‘బుచ్చమ్మా, తీసుకుంటున్నా’ అని ఒక్క మాట లేకుండా.

మానుకోట స్టేషన్ పక్కన భద్రయ్యది సైకిల్ దుకాణం. ఈ మోటారు సైకిల్ కాంపౌండర్ అబ్రహాంది. పెద్ద లడాయి అయిపోయాక మిలిటరీ వాళ్లు అమ్మేస్తే కొన్నాడు. చెడినప్పుడల్లా భద్రయ్య పెరటి కొట్టంలోకి వస్తుంది. అబ్రహాం పైకి జ్వరాలకు మందులిచ్చే మనిషి, చాటున దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్ల తూటా గాయాలకు కట్లు కట్టే మనిషి. సంగతి తెలిసినవాళ్లు నోరు విప్పరు. రజాకార్ల రోజులు. ఇండియా యూనియన్ వాళ్లు నైజాంలోకి సరుకు రానివ్వడం లేదు. ఇంజను నూనె కళ్లకద్దుకుందామన్నా దొరకదు. అందుకని భద్రయ్య మొన్న క్లచ్చి మూత విప్పి, బిళ్లలు తీసి కడిగి, నల్లబడ్డ పాత నూనె డబ్బాలో వంపి, దాని బదులు ఆముదం పోశాడు. “ఎడ్లబండి ఇరుసుకు పనికొచ్చింది దీనికెందుకు పనికిరాదు?” అని తన తెలివికి తనే మురిసిపోయాడు. నిన్నటి నుంచి బండి మొండికేసింది.

“రా, తొయ్యి,” అన్నాడు భద్రయ్య, బండెక్కి కూర్చుని.

దాని కిక్కు ఎప్పుడో అరిగిపోయింది. తోస్తేనే లేస్తుంది. ఎక్కేది ఆయన, తోసేది ఈమె. కొంగు బిగించి వెనక చేతులు ఆనించింది. భద్రయ్య గేరు వేసి క్లచ్చి పిడి పట్టాడు. పిడి పట్టినంతసేపు ఇంజనుకూ చక్రానికీ సంబంధం తెగి, బండి ఉత్తినే దొర్లాలి. పోయిన నెల అట్లాగే దొర్లింది, ఆమె అరచేతులకు తెలుసు. ఇప్పుడు దున్నపోతును వెనక్కి లాగుతున్నట్టుంది. పళ్ల బిగువున తోస్తే నాలుగు బారలు పోయి ఎగిరి దూకి ఆగిపోయింది.

“తీగ వదులైంది,” అని భద్రయ్య తీగ బిగించాడు. మళ్లీ తోసింది. మళ్లీ అంతే. ఇంకా బిగించాడు. పిడిలో ఇసుమంత వదులు లేకుండా వీణ తీగలా చేశాడు. అయినా అంతే. భుజాలు పీకుతున్నాయి. పొయ్యి మీద జొన్న గటక అడుగంటిన వాసన వస్తోంది. ‘అదీ నా తప్పే అవుతుంది చూడు’ అనుకుంది.

“తీగ కాదేమో,” అంది బుచ్చమ్మ. “బిళ్లలు ఒకదాన్నొకటి పట్టుకుని ఇడుస్త లెవ్వు. దీపపు సెమ్మెకు ఆముదం ఎట్ల బంకగ అంటుతదో, గట్ల...”

“గిది వంటిల్లు గాదు,” అన్నాడు భద్రయ్య. గడపలోంచి వెంకటనర్సమ్మ అందుకుంది. “ఇనుప సామాన్ల ఆడోళ్ల మాటేందో! గటక మాడుతున్నది, గది చూసుకో.”

సంఘం మీటింగులో ఇదే భద్రయ్య ‘ఆడోళ్లు లేవాలె, ఆడోళ్లు లేవంది రాజ్యం రాదు’ అని గొంతు చించుకుంటాడు. ఇంట్లో చెంబెడు నీళ్లు తను ముంచుకోడు. ఆ మాటలు నమ్మి నిజంగానే లేచి దళంలోకి పోయింది బుచ్చమ్మ చెల్లెలు సాలమ్మ. పోయేనాడు “నువ్వు గూడ రా అక్కా” అని చెయ్యి పట్టుకుంది. “నేనొస్తే వీళ్లకు బువ్వెవరు వండుతరే?” అంది బుచ్చమ్మ. సాలమ్మ నవ్వి వెళ్లిపోయింది. ఏడాదైంది. ఎక్కడుందో, తిన్నదో లేదో. అడిగితే భద్రయ్య “మంచిగనే ఉంది” అంటాడు, అంతే.

గటక దించి వచ్చేసరికి కొట్టంలో అబ్రహాం ఉన్నాడు. మొహం వాడిపోయి ఉంది.

“ఇంకా కాలేదా భద్రన్నా! కురవి తొవ్వల రజాకార్లు నాకా వెట్టి వచ్చేపొయ్యేటోళ్లను ఆపుతున్నరు. ఆపుమంటె పిడి వట్టుకొని నిలవడాలె. అక్కడ బండి ముంగటికి దూకితె కాలుస్తరు, ఆగిపోతె దింపి సోదా చేస్తరు. మందులు దొరికితె నా పని ఖతం.” బుచ్చమ్మను చూసి గొంతు తగ్గించాడు. “పరేషాన్ గాకు చెల్లే. తొడల తూటా తీసేసిన. జ్వరమే దిగుత లేదు. నువ్వు పక్కన ఉంటె మీ సాలమ్మకు ధైర్యమైతది.”

బుచ్చమ్మకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా ఒక్కసారే అర్థమైంది.

“మా సాలమ్మనా?”

అబ్రహాం భద్రయ్య వైపు చూశాడు. “చెప్పలేదా? నాకా కాడ ఎనుక ఆడమనిషి ఉంటె మంచిదంటె, మా ఇంటామెను కూసోవెడత అన్నవ్ గదా?”

“చెప్తె ఏడుస్తదని చెప్పలే,” అన్నాడు భద్రయ్య. “బండి తయారైనంక చెప్దామనుకున్న.”

ఏడుస్తుందని! నిన్నటి నుంచి చెల్లెలి కోసమే బండి తోస్తోంది, ఆ సంగతి తెలియకుండా. నాకా మీదికి తనను పంపడానికి మాటిచ్చేశాడు, తననడగకుండా. గురిగిలో ఆముదం తీసుకున్నట్టే తననూ తీసుకున్నాడు. ఏడుపు రాలేదు. అక్కడ జ్వరంలో పిల్ల, ఇక్కడ దొర్లని బండి.

“మూత విప్పు,” అంది.

“ఏందే?”

“విప్పుతవా, నన్ను విప్పుమంటవా?”

ఆ గొంతు భద్రయ్య ఎన్నడూ వినలేదు. విప్పాడు. బిళ్లలు రాలేదు. ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి. కత్తి మొన పెట్టి విడదీస్తే మధ్య బంక దారాలు దారాలుగా సాగింది. అబ్రహాం “దేవా!” అన్నాడు. భద్రయ్య కిరసనాయిలు డబ్బా అందుకున్నాడు. బుచ్చమ్మ అడ్డంగా తల ఊపింది. మొన్న ఆ సెమ్మెను కిరసనాయిలు గుడ్డతో తుడిచి తుడిచి చేతులు నొప్పి పుట్టాయే గానీ జిడ్డు పోలేదు. ఆముదం పెట్టిన తల దేనికి లొంగుతుందో ఊళ్లో ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది.

అత్త తలంటుకు నానబెట్టిన కుంకుడుకాయలు పొయ్యి మీదికి ఎక్కాయి.

“నా తలకు వెట్టినయి ఇనుపముక్కలకా!” అని వెంకటనర్సమ్మ నెత్తి కొట్టుకుంది.

“ఈ వారం ఆటికే తలంటు అత్తా,” అంది బుచ్చమ్మ.

వేడి వేడి రసంలో బిళ్ల తర్వాత బిళ్ల ముంచి పీచుతో రుద్దింది. కొన్నింటికి బెండు ముక్కలు తాపి ఉన్నాయి, అవి ఊడితే మళ్లీ దొరకవు. ఇదీ పనిచేయకపోతే? ‘చూసినవా, ఆడదాని మాట’ అంటారు, అననీ. సాలమ్మ గతి? ఆ ఆలోచన వస్తే చెయ్యి ఇంకా గట్టిగా రుద్దింది. నురగ తెల్లబడింది. ఎండలో ఆరబెట్టి, డబ్బాలోని పాత నల్ల నూనెను గుడ్డలో వడకట్టి పోయించింది. తీగ కూడా వదులు చేయించింది, పిడి దగ్గర జొన్నగింజ పట్టేంత. చెప్పినట్టల్లా చేశాడు భద్రయ్య.

అబ్రహాం ఎక్కి గేరు వేసి పిడి పట్టాడు. బుచ్చమ్మ వెనక ఒక చెయ్యి ఆనించింది. బండి ఉత్తినే దొర్లింది. ఆమెకు అప్పుడు వచ్చాయి కళ్లనీళ్లు.

లోపలికి వెళ్లి రెండు చీరలు మూట కట్టుకుని వచ్చింది. మందుల పొట్లం రవికెలో దోపుకుంది. మూట చూసి భద్రయ్య తడబడ్డాడు.

“రెండు చీరలెందుకే? పొద్దూకెవరకు వస్తవ్ గదా? మాకు బువ్వెవరు వండాలె?”

బుచ్చమ్మ ఎక్కి సర్దుకుని కూర్చుంది. ఏడాది కిందట ఆ మాట తన నోట్లోంచే వచ్చింది. ఇప్పుడు ఎంత చిన్నగా వినిపించింది!

“బియ్యం కుండల ఉన్నయి. పొయ్యి అక్కడ్నే ఉంది. సాలమ్మ లేచినంక ఇద్దరం మాట్లాడుకుంటం, నేను రావాల్నా, ఆమెతోని పోవాల్నా అని.”

భద్రయ్య కదల్లేదు. అబ్రహాం ముందుకు చూస్తూ, పిడి పట్టుకుని కూర్చున్నాడు.

“ఏం జూస్తున్నవ్?” అంది బుచ్చమ్మ. “నేను చేతులు వెట్టే కాడ వెట్టి, తొయ్యి.”