పరగడుపు నియమం

నోరు ఇంకా తియ్యగానే ఉంది, రేపల్లె స్టేషన్ కుళాయి దగ్గర మూడుసార్లు పుక్కిలించినా పోలేదు, చర్చిలో ఫ్యాను తిరుగుతోంది, పాట ఎక్కడో నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టుంది, ముందు వరుసలో రొట్టె పళ్లెం చేతులు మారుతోంది, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఆదివారం, ఆయన శరీరమని రొట్టె పుచ్చుకునే రోజు, నలభై ఏళ్లుగా ఈ రోజు పరగడుపునే వచ్చాను, మంచినీళ్లు కూడా ముట్టలేదు, భక్తంటే సరోజినమ్మగారిదే అంటారు సంఘంలో, షుగరొచ్చినా మానలేదు, మొండిదాన్ని, పొద్దున తెనాలి నుంచి వస్తుంటే వేమూరు దాటిందో లేదో రైలు కిటికీలో వరిచేలు తెల్లబడిపోయాయి, అంతా మీగడ కట్టినట్టు, ఒళ్లంతా చెమట, షుగర్ పడిపోయినట్టుంది, తర్వాత ఎవరిదో చెయ్యి, చేపల వాసన వేసే చెయ్యి, అక్కా నోరు తెరువు, అక్కా మింగు, కళ్లు తెరిస్తే నిజాంపట్నం కొండమ్మ, నా తల ఆమె ఒళ్లో, ఏం పెట్టావే అంటే లడ్డూ అక్కా, తెనాల్లో మా అల్లుడు గుడి నించి తెచ్చాడు, సంచిలో ఇంకేం లేదు, ఏమనుకోమాక అంది.

ప్రసాదం ముట్టిన నోటితో బల్ల తీసుకోకూడదని సండే స్కూలు పిల్లలకు చెప్పిన నోరే ఇది, కొండమ్మ బాప్తిస్మం తీసుకున్న నెలలో పుస్తెలు తీస్తేనే బల్ల అన్నదీ ఈ నోరే, మా ఆయన ప్రభువుని నమ్ముకోలేదక్కా, సముద్రం మీదకెళ్లే మనిషి, ఆయనుండగా ఎట్టా తీసేది అని ఏడ్చింది, నియమం నియమమే అన్నాను, ఎంత గట్టిగా అన్నాను, పదకొండేళ్లుగా వెనక గోడకు ఆనుకుని, పళ్లెం తన ముందు నుంచి పోతుంటే తల వంచుకుంటుంది, ఇప్పుడూ అక్కడే ఉంది.

పళ్లెం వచ్చేసింది, పక్కనున్న శ్రావ్య నా చేతిలో పెట్టింది, నా నియమం ప్రకారం నేనూ ఆ గోడ దగ్గరికే పోవాలి, ఎవరికీ తెలియదులే, తీసుకో, కొండమ్మ చెప్పదు, ఛీ, అలా తీసుకోలేను, తీసుకోకుండా ఉండనూ లేను, ఆకలేస్తోంది, ఇన్నేళ్లలో మొదటిసారి బల్ల దగ్గర ఆకలేస్తోంది, లేచాను, అమ్మగారూ ఎక్కడికండీ అంటోంది శ్రావ్య, కాళ్లు వెనక్కి నడుస్తున్నాయి, పళ్లెంతో సహా, కొండమ్మ కంగారుగా పుస్తెలు కొంగు కింద దాచుకుంటోంది, నన్ను చూసి, నన్ను చూసే, దాచుకోమాకే తల్లీ, తీసుకో, నాకొద్దక్కా, నేను తగను అంటోంది, రైల్లో నా నోరు తెరిచినప్పుడు నువ్వు తగుదువా అని నన్నెవరడిగారు, అడిగి ఉంటే చచ్చిపోయేదాన్ని.