నేను రాయని పాఠం

మా ఆయన బట్టల గది తలుపు లాగి, “నా నీలం చొక్కా ఏదీ?” అన్నాడు. ప్రతిధ్వని రాకుండా చీరల మధ్య స్టూలేసుకుని మైకు ముందు చదువుతున్న నేను మళ్ళీ మొదటికొచ్చాను.

“ఒక్కతే మాట్లాడుకుంటుందేంట్రా మీ ఆవిడ!” అంటారు అత్తయ్య. “ఏదో కాలక్షేపంలేమ్మా,” అంటాడీయన. కాలక్షేపమట! వారం వారం వేలమంది వినే పాడ్‌కాస్ట్‌కి మనుషుల్ని వెతికేదీ, ప్రశ్నలు రాసేదీ, దాన్ని చదివే మా సారు దగ్గులూ తడబాట్లూ రికార్డింగులోంచి కోసేసి ఆయన్ని గొప్ప వక్తని చేసేదీ నేనే. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో ముందు నేను చదివి పంపితే ఆయన అచ్చం అలాగే చదువుతారు. చివర్లో వినిపించే పేరు మాత్రం ఆయనదొక్కటే.

ఆ వారం ఒక కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. మీ కార్యక్రమం తయారుచేసేవాళ్ళు వచ్చి, గొంతుతో కథ చెప్పడమెలాగో మా పిల్లలకి నేర్పుతారా అని.

“శనివారం నేను వెళ్తున్నానమ్మా. పాఠం రాసిపెట్టు. ఎక్కడ నవ్వించాలో గుర్తులు పెట్టు,” అన్నారు సారు.

ఆరేళ్ళుగా అలవాటైన “సరే సర్” ఈసారి అనలేదు. “తయారుచేసేవాళ్ళనే కదా రమ్మన్నారు. నేను వెళ్తాను సర్.”

“నువ్వా? నలుగురి ముందు మాట్లాడ్డం నీకు అలవాటు లేదు కదమ్మా!”

“మీకు అలవాటు చేసింది నేనే కదా సర్.”

ఇంట్లో, “శనివారమా? అమ్మకి భోజనం ఎవరు పెడతారు?” అన్నాడు మా ఆయన.

“మీ అమ్మేగా. మీరు పెట్టండి.”

శనివారం క్లాసుకి వెళ్ళాను. ఒక ఆస్పత్రి ఆయాతో నేను చేసిన రికార్డింగు, ఆమె అనుమతి తీసుకునే, వినిపించాను. “మీకోసం మీరు చివరిసారి ఏం చేసుకున్నారు?” అన్నది ప్రశ్న. తర్వాత పదకొండు సెకన్లు ఆమె ఊపిరి తప్ప ఏమీ లేదు. “బోరు, కోసెయ్,” అన్నారు అప్పట్లో సారు. కోసేశాను. ఇప్పుడు క్లాసులో మాత్రం కొయ్యని అసలు రికార్డింగే వినిపించాను. వెనక బెంచీ అమ్మాయి మెల్లగా, “మా అమ్మని ఇలా ఎప్పుడూ అడగలేదు మేడమ్,” అంది.

“ఈ వారం అడుగు. జవాబు వచ్చేదాకా ఆగు,” అన్నాను.

సాయంత్రం ప్రిన్సిపాల్‌గారు ఏడాదంతా మీరే చెప్పండి అన్నారు. ఇంట్లో ఎవర్నీ అడగకుండానే సరేనన్నాను.

సోమవారం సారు చెయ్యి చాపారు. “ఈ వారం ఏం రాశావ్? ఓసారి చదువుకుంటా.”

కాగితం ఇచ్చాను.

“ఇది పైకి చదవక్కర్లేదు సర్, రాజీనామా. సంతకం పెడితే చాలు.”